పెన్సిల్ చుక్క

మోర్‌కమ్‌లో సముద్రం రోజుకి రెండుసార్లు
ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది,
ఇసుక మీద ఆధారాలన్నీ వదిలేసి:
ఒంటి చెప్పు, సైకిలు చక్రం, పిట్టల కాలి రాత.
మళ్ళీ తనే దొంగలా వచ్చి తుడిచేస్తుంది.
ఇలాంటి ఊళ్ళో
హత్యల పుస్తకాలు చదవకుండా ఎవరుంటారు?

నాది కళ్ళద్దాల దుకాణంలో పని.
చీకటి గదిలో అద్దాలు మారుస్తూ
"ఇది బాగుందా? లేక ఇదా?"
పొద్దస్తమానం ఇదే ప్రశ్న.
అబద్ధాలాడేవాళ్ళూ వస్తారు.
అక్షరాలన్నీ కంఠతా పట్టొచ్చిన లారీ డ్రైవరొకడు
నేను బోర్డు దీపం ఆర్పేశాక కూడా
గడగడా చదువుతూనే ఉన్నాడు.
ఆ సాయంత్రం ఇంటిదాకా ఈల వేసుకుంటూ నడిచాను.

మిసెస్ ఆలర్టన్‌కి ఎనభై మూడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు.
కామేశ్వరి అనే నా పేరు ఆమె నోట్లో "కమ్" అయింది.
ఈ ఊరి పేరులో వెనక సగం నువ్వే, అంటుంది.
చదివేసిన పుస్తకం సంచిలోంచి తీసి ఇస్తుంది,
హంతకుడెవరో తనకి తట్టిన చోట
మాట కింద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి.
పేరు రాయదు. గీత గీయదు. చుక్క, అంతే.
నేను రెండొందల పేజీలు తడుముకున్నది
ఆమెకి ముప్ఫై రెండో పేజీలోనే దొరికిపోయింది,
"టీ చల్లారిపోయింది" అన్న చోట.

ఇక రెండో సంగతి. ఎవరికీ చెప్పనిది.

పదకొండేళ్ళుగా కలలో నేను వెళ్ళే ఊరొకటుంది.
రోజూ కాదు. నెలకో, రెణ్ణెల్లకో.
రొట్టెల కొట్టు పక్కనుంచే మొదలవుతుంది ఎప్పుడూ.
తర్వాత వంతెన. దాని కింద నీళ్ళుండవు,
ఆరేసిన దుప్పట్లుంటాయి.
తర్వాత మెట్లు. పదిహేడు.
కలలో లెక్కలు నిలవవంటారు గాని
ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిహేడే.
పైన ఆకుపచ్చ తలుపు.

పాత కంటిచీటీల వెనక మ్యాపు గీశాను.
అనుమానితుల్ని ఒక్కొక్కరినే పిలిచాను.
మెట్లు తెనాలిలో నేను చదివిన ట్యుటోరియల్‌వి, వెంటనే ఒప్పుకున్నాయి.
వంతెన లాంకస్టర్ నది మీద రైలు దాటేది, సాక్షులున్నారు.
దుప్పట్లు మా నర్సుల హాస్టల్ నుంచి పారిపోయి వచ్చినవి.
రొట్టె వాసన మరీ అమాయకంగా మొహం పెట్టింది,
అందుకే దాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టాను.
తలుపు మాత్రం
నా బతుకులో ఎక్కడా లేదు.
ఆ రంగే లేదు. పెయింటు కొట్లో నమూనా చీటీలన్నీ తిరగేశాను.
గుమ్మం ముందు చెప్పులున్నాయేమో చూడ్డం
ప్రతిసారీ మర్చిపోతాను.
ఎంత చేతకాని డిటెక్టివ్‌ని!

ఆపరేషన్‌కి ముందు రోజు ఆమెకి చెప్పేశాను.
దొన్నె లాంటి ఆసరాలో గడ్డం ఆనించి ఉంది, తల ఊపే వీల్లేదు.
"తట్టి చూశావా?"
లేదన్నాను.
"మంచి పని చేశావు. చివరి అధ్యాయం బావున్న పుస్తకం
నేనింతవరకూ చూళ్ళేదు."

కట్టు విప్పాక ఫోన్ చేసింది.
మా వంటింటి గోడకి ఈ రంగు ఎప్పుడేయించాను కమ్,
ఇన్నాళ్ళూ బూడిద రంగనుకున్నాను, అని నవ్వుతోంది.
ఏ రంగో నేనడగలేదు.
అడగాల్సింది.

నిన్న రాత్రి మళ్ళీ వెళ్ళాను.
రొట్టెల కొట్టు మూసి ఉంది. దుప్పట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.
పదిహేడు.
తలుపు మీద, సరిగ్గా నా కళ్ళ ఎత్తున,
సన్నగా
పెన్సిల్ చుక్క.

వేలితో రుద్దాను.
మెలకువ వచ్చింది.
కిటికీ అవతల సముద్రం మళ్ళీ ఖాళీ చేసి పోయింది.
వేలికేమీ అంటలేదు, అంటుతుందా ఎక్కడైనా!
అయినా చేతులు కడుక్కునే ముందు
ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకున్నాను.

దుకాణంలో మొదటి మనిషి కుర్చీలో కూర్చున్నాడు.
"ఇది బాగుందా? లేక ఇదా?"
చాలాసేపు ఆలోచించాడు.
"రెండూ ఒకటేలా ఉన్నాయండీ."
ఇతను మాత్రం అబద్ధం ఆడటం లేదు.