సి షిఫ్టు

కూర్మన్నపాలెంలో బస్సు దిగి
స్టీలు ప్లాంటు గేటు దాటేసరికి పది కావస్తుంది.
ఇరవయ్యారేళ్లుగా నా కుర్చీ గాల్లోనే,
కింద నూట యాభై టన్నుల కరిగిన ఉక్కు, ఊగుతూ.

దాన్ని ఆపడం ఎవరూ చెప్తే వచ్చింది కాదు.
ఊపు ఆ కొసకి పోయి
తిరుగుదామా వద్దా అని రెప్పపాటు తటపటాయిస్తుంది చూడండి,
అప్పుడే క్రేను దాని నెత్తిమీదికి జరపాలి.
మావటి కేక విన్న ఏనుగులా నిలబడిపోతుంది.
తాడు ఎంతో, తోపు ఎంతో చెప్పండి,
తెల్లారిందాకా దాని జాతకం రాసిస్తాను.

కొత్తగా చేరిన ట్రైనీ, గొంప రత్నమాల,
టీ ఊదుకుంటూ అడిగింది:
"ఆ లెక్కతో కొలిమి రంగు చెప్పగలవా అన్నా?"

పాత లెక్కే నిజమైతే
తలుపు తీసిన ప్రతిసారీ
ఊదా రంగు దాటిన వెలుగు వరదలా వచ్చి
మమ్మల్ని బూడిద చెయ్యాలట.
చెయ్యలేదు.
మా సన్యాసయ్య నీలం అద్దం అడ్డం పెట్టుకుని
"పదహారొందల యాభై" అంటాడు.
మీటరూ అదే అంటుంది.

"వెలుగు ధారగా పడదన్నా, చిల్లరగా ఇస్తుంది.
ఒక్కో రంగుకి ఒక్కో నోటు.
ఐదొందల నోటు తప్ప పుచ్చుకోని బస్సులో
జేబులో పదులున్నోడు ఎక్కగలడా?"

నవ్వాను.
తర్వాత లాడిల్ వైపు చూస్తే నవ్వు రాలేదు.

"మరి ఇదీ చిల్లరగానే ఊగుతోందేటమ్మా?"
"ఊగుతోంది. మెట్లు మరీ సన్నం,
నీ కంటికి ఏటవాలు."

అప్పికొండ ఇసుక గుర్తొచ్చింది.
దూరానికి దుప్పటి.
క్యారేజీలో పడితే పంటికింద రాయి.

"అణువులో రేణువు రెండు దారుల్లో ఒకేసారి పోతుందంటావు,
నా లాడిల్ ఎందుకు పోదు?"
ఈసారి ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు.
"దాన్ని అందరూ తాకుతున్నారు కదన్నా.
గాలి, దుమ్ము, దాని వెలుగే, నీ చూపు.
ఎవరికీ తెలియనిదానికే రెండు దారులు."

పెళ్లి కాకముందు నేనూ ఓ రాత్రి
సింధియా జంక్షన్లో అలా నిలబడ్డాను.
ఆ సంగతి చెప్పలేదు.

సైరన్ కూసింది. ఎక్కాను.
కొస దగ్గర తటపటాయింపు,
ఎప్పటిలాగే పట్టుకున్నాను.
చెయ్యి మాత్రం కొంచెం వణికింది.

ఆరింటికి బస్సులో కండక్టరు చిల్లర అడిగాడు.
జేబులో బిళ్లలు
నా ఒంటి వేడికి వెచ్చబడి ఉన్నాయి,
కంటికి ఆనని ఏదో రంగులో
వెలుగుతూ.