మూసిన నోళ్ల ఫోటో

కెమెరా సంచిని సైకిలు హాండిలుకు తగిలించుకొని
చండూరు బజారు నుంచి వచ్చిన ఫోటో మారయ్య
మూడుసార్లు చెప్పిండు:
"జెర నవ్వుండ్రి పిల్లలూ, ఏమన్న సావుకొచ్చిన్రా?"
ముప్పై ఎనిమిది మందిమి.
ఒక్క పన్ను కనపడలే.

మా బోరింగు నీళ్లు
స్టీలు గిలాసల నిలవడితె తెల్లటి పొర.
మా నోట్ల నిలవడితె పసుపు, ఆ తర్వాత గోధుమ,
ఆ తర్వాత బడి పైకప్పు రేకు తుప్పు.
వేపపుల్ల, బొగ్గు, ఇటుకపొడి,
ఆఖరికి గిన్నెలు తోమే బూడిద, అన్నీ అయినయి.
నవ్వొస్తె అరచెయ్యి అడ్డం పెట్టుడు
అ ఆల కంటె ముందే నేర్చినం.

సైన్సు కరుణాకర్ సారు
గోడకు పట్టిక తగిలించి, తొమ్మిదో గడి మీద బెత్తంతోని కొట్టి
"ఫ్లోరిన్. ప్రకృతిలో విడిగా దొరకదు" అన్నడు.
వెనుక బెంచీల నుంచి సైదులు:
"మా ఇంట్ల దొరుకుద్ది సార్, బిందెలకు బిందెలు."
క్లాసంత అరచేతుల వెనుక నవ్వింది.
సారు నవ్వలే.
కిటికీ దిక్కు తిరిగి, వేళ్ల నడుమ సుద్దముక్కను
పొడి అయ్యేదాక నలిపిండు.

సైదులు మోకాళ్లు అప్పటికే
ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నయి.
వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కే మా గంట.
దాన్ని కొట్టే పని వాడిది.
డ్రిల్లు పీరియడుల ఒంటరిగ కూసోకుండ
హెడ్మాష్టరు ఇచ్చిన నౌకరి.
లెక్కల పీరియడుకు రోజూ నాలుగు నిమిషాలు కోసేటోడు.
ఆ నాలుగు నిమిషాలు
మేమందరం వాడికి ఇంకా బాకీ.

వానొస్తె రేకుల మీద మోత.
సోషల్ సారు పానిపట్టును నడుమల ఆపి కూసునేటోడు.
మూడో యుద్ధం ఎవరు గెలిచిన్రో
పరీక్ష పేపరు చూసేదాక మాకు తెల్వది.

మార్చి నెల రాత్రి చదువులు.
ఒక్క ట్యూబులైటు, దాని చుట్టు ఉసిళ్లు, దాని కింద మేము.
జాంగ్లి తండా నుంచి తెచ్చిన జొన్నరొట్టెల మూట
పదిన్నర కొట్టకముందే ఖాళీ.
పారిజాత మగ్గం రంగు అంటిన గోళ్లతోని
భూగోళం పుస్తకం తిప్పితె
నదులన్నిటికి ఎరుపు అంటేది.
పటంల కృష్ణ మా ఊరికి గోరెడు దూరం.

తొమ్మిదో తరగతి నడుమల వచ్చింది నుజహత్.
లైన్మన్ బిడ్డ, మధిర దిక్కు నీళ్లు తాగి పెరిగింది.
మొదటి రోజు పేరు చెప్పుకుంట నవ్వితె
ఎవరో మొఖాల మీద టార్చిలైటు ఏసినట్టయింది.
పాలపండ్లు అని పేరు పెట్టినం.
ఇంకా శాన అన్నం, ఇప్పుడు చెప్పబుద్ధి కాదు.
కాగబెట్టిన నీళ్లు సీసల తెచ్చుకునేది.
కాగబెడితె పోయేది కాదని
ఆమెకు తెల్వదు, మాకూ తెల్వదు.

మొన్న కలిసినం, ఇరవై ఏడేండ్లకు,
అదే వరండాల.
కొందరికి పింగాణి పండ్లు వచ్చినయి, కొందరికి అసలే లేవు.
సైదులు లేడు. పట్టాముక్క ఉంది.
బాలస్వామి ఊరికే ఒక దెబ్బ కొట్టి
అది మోగుతుంటె చేత్తోని పట్టుకొని ఆపిండు.
సెల్‌ఫోను పైకెత్తంగనే
పింగాణి పండ్లోళ్లు కూడ టక్కున నోరు మూసిన్రు.
నల్లా నీళ్లు తాగి పెరిగిన పారిజాత బిడ్డ అడిగింది:
"గట్లెందుకున్నరు మీరందరు, అలిగినట్టు?"

ఎవరో సంచిలకెల్లి పాత ఫోటో తీసిన్రు.
ముందు వరుసల సైదులు, హెడ్మాష్టరు కుర్చీల.
కుర్చీ ఎనుక నిలవడ్డ హెడ్మాష్టరు.
రెండో వరుస, ఎడమ నుంచి మూడో మొఖం నుజహత్.
లోపల నవ్వు ఆపుకున్నందుకు బుగ్గలు ఉబ్బినయి,
పెదవులు మాత్రం గట్టిగ
మా లెక్కనే.

ఆమెకేముండె దాచుకునేది?

పది రాసిన నెలకే తండ్రికి బదిలి.
ఎక్కడికో ఎవరికీ గుర్తు లేదు.
నంబరు ఎవ్వరి దగ్గర లేదు.