తెలుపు

వాల్విస్ బే, చేపల ఫ్యాక్టరీ గేటు ముందు
తెల్లారి ఐదున్నర. రాత్రి షిఫ్టు దిగుతోంది.
మా వ్యాను పక్కన వరసలో నిలబడ్డవాళ్ళు కనబడరు,
దగ్గులు మాత్రం వినిపిస్తాయి.
సముద్రం మీది మబ్బు నేలకి దిగి
రోడ్డు దీపాలకి దూది చుట్టింది.

నా పని గురించి చెప్పుకోడానికేముంది:
గొలుసు తీయండి, గడ్డం పైకెత్తండి,
గాలి పీల్చి, ఆపండి, ఇక వదలండి.
రోజుకి నూట నలభై సార్లు ఇదే మాట.
పక్కటెముకల మధ్య గాలి నల్లగా ఉండాలి,
నలుపే ఇక్కడ మంచి వార్త.
తెలుపు కనబడిందా,
అది ఏదో తెలుపుతోందన్నమాట.

మా తమ్ముడు ఉతోనిది తిరగబడిన లెక్క.
వాడు హెంటీస్ బేలో మబ్బుల్ని కొలుస్తాడు,
బెలూనుకి చిన్న పెట్టె కట్టి పైకి వదుల్తాడు.
చలినీటి మీద పరుచుకున్న ఈ తెలుపు
ఎండని అందుకున్నచోటే వెనక్కి విసిరేస్తుందట.
అది పలచబడితే నీరు వేడెక్కుతుంది,
నీరు వేడెక్కితే అది ఇంకా పలచబడుతుంది.
మరీ పైనుండే సన్న పొరలు వేరు,
అవి దుప్పటి బాపతు, వేడిని పోనివ్వవు.
"ఎంత పలచబడుతుందిరా?" అంటే
ఒక అంకె చెప్పడు, రెండు చెప్తాడు.
ఈ రెంటి మధ్య ఎక్కడో, అంటాడు.
"అంటే తెలీదనేగా?"
"తెలీనిది ఎంతో తెలుసు" అని
అమ్మ వండిన సజ్జ సంకటి ముద్ద చేసుకుంటూ నవ్వుతాడు.

ఇవాళ ముప్ఫై రెండో నంబరు మీమె పెనెహాఫో.
పదకొండేళ్ళుగా హేక్ చేపల వెన్నుముల్లు తీస్తున్న చేతులు,
వేళ్ళు నాని, చల్లగా.
కుడివైపు, కాలర్ ఎముక కింద
గోరంత మసక.
కంప్యూటర్ సున్నా పాయింటు ఆరొకటి అంది.
మేం గీసుకున్న గీత సున్నా పాయింటు ఐదు.
గీత దించితే లేని జబ్బుకి వందమంది నిద్రపోరు.
పెంచితే...
పెంచినప్పుడు ఏమైందో నాకు తెలుసు.
మార్చిలో "ఏమీ లేదు, వెళ్ళండి" అని నేనే పంపిన క్రేను డ్రైవరు
జూన్‌లో ఇద్దరి భుజాల మీద వచ్చాడు.
అతని మార్చి ఫిలిం మళ్ళీ తెరిచి చూశాను.
గుండె నీడ వెనక దాక్కుని ఉంది.
అప్పుడూ ఉంది.

"ఉందా, లేదా?" మీమె అడుగుతోంది.
ఉతోని అయితే రెండంకెలు చెప్పేవాడు.
నేను మూతున్న కప్పు ఇచ్చాను.
"గళ్ళ కావాలి, లోతు నించి. ఉమ్మి కాదు.
రెండ్రోజుల్లో చెప్తారు."
"ఈ రెండ్రోజులూ పనికి వెళ్ళనా?"
దానికి నా ఫారంలో గడి లేదు.

కప్పు పట్టుకుని వ్యాను వెనక్కి, గాలాడే చోటికి వెళ్ళింది.
మబ్బు ఆమెని ముందు నడుము దాకా,
తర్వాత తలగుడ్డ దాకా తీసుకుంది.
మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకునేవాళ్ళు
ఈ ఊళ్ళో లేరు. ఇది కురిసే మబ్బు కాదు.
అవతల ఇసుక దిబ్బల మీద నల్ల పురుగొకటి
తలకిందులుగా నిలబడి
వీపు మీంచి జారే ఒక్క బొట్టు కోసం ఓపిక పడుతుంది,
అంతే ఇక్కడి వాన.

ఒక దగ్గు. చాలాసేపటికి ఇంకోటి, లోతుగా.

కప్పు వెచ్చగా వచ్చింది నా గ్లవుజులోకి.
పేరు రాశాను, టైము రాశాను.
"ముప్ఫై మూడు" అని
ఎవరూ కనబడని తెలుపులోకి పిలిచాను.