ఏ బండికి లైసెన్సు

"లైసెన్సా? ఏ బండికి మేడం?" అన్నాడు పోచమల్లు
లిఫ్టు తలుపు పానాతో విప్పుతూ.
రోలాలో మా బిల్డింగుకి అతనే వైద్యుడు.
ఏడో అంతస్తు దాటాక ఆగిపోయే జబ్బు దానిది.
మనసు బండికి, అందామనుకుని
నవ్వి ఊరుకున్నాను.

షార్జాలో లైసెన్సంటే అందరికీ ఒకటే:
రివర్సు పార్కింగులో నాలుగుసార్లు తప్పి
అయిదోసారి మిఠాయి పంచడం.

ముందు కాగితాలు.
విశాఖలో చదివిన రెండేళ్లకి సాక్ష్యం కావాలి,
చదివింది నేనేనని.
హైదరాబాదులో ఒక ముద్ర, ఢిల్లీలో ఒకటి,
సముద్రం దాటాక ఇంకోటి.
డిగ్రీకి ఇప్పుడు వెనకవైపే నిండుగా ఉంది.
మట్టపర్తిలో ఒక 'టి' పాస్‌పోర్టులో ఉంది,
డిగ్రీలో రాలిపోయింది.
దాన్ని వెతికి తెచ్చేదాకా, పదకొండు వారాలు,
నేను నేను కాదు.
తానెవరో తనకే తోచని మనిషి గురించి
పది మార్కుల జవాబు రాశానొకప్పుడు.
బాగానే రాశాననుకున్నాను.

తర్వాత గంటలు.
ఒకరి కనుసన్నల్లో కూర్చుని వినాల్సిన గంటలు.
డాక్టర్ ఇహ్సాన్, ఖార్తూమ్ మనిషి,
అల్లం కాఫీ పక్కకి జరిపి
నా నోట్సు మీద వేలు పెట్టి అడిగింది:
"అతను ఏడుస్తుంటే మంచినీళ్లిచ్చావు.
దాహం ఎవరిది?"
ఆ రాత్రి అల్ వహ్దా రోడ్డు దగ్గర
పచ్చమనిషి మూడుసార్లు వెలిగి ఆరాడు.
నేను ఇవతలే ఉన్నాను.

ప్రశ్నల పట్టికని తెలుగు చేసే పని నాకే పడింది.
'గత రెండు వారాల్లో ఎన్ని రోజులు
ఆశ లేనట్టు అనిపించింది?'
ఎస్తేరు, రాజోలు వైపు మనిషి, విల్లాలో వంట,
చాలాసేపు వేళ్లు మడిచి
"శుక్రవారం చర్చికెళ్తానండీ, ఆ పూట బాగుంటాది.
కలపాలా, తీసెయ్యాలా?" అంది.
గడులు నాలుగే. ఆ పూటకి గడి లేదు.
'కుంగుబాటు' అని రాస్తే
"ఏటిగట్టా అండీ?" అంది.
కొట్టేసి 'గుండెలో బరువు' అని రాశాను.
వారం తిరక్కుండా
నూటయాభై దిర్హాములు పోసి
ఈసీజీ తీయించుకొచ్చింది పాపం.
గుండె బాగానే ఉందట.

లెక్కకి రాని గంటలూ ఉన్నాయి.
ఒక రాత్రి ఏడుకీ ఎనిమిదికీ మధ్య
పోచమల్లూ నేనూ ఇరుక్కున్నాం.
పానా పైన మరిచిపోయాడు.
"నిద్ర వడ్తలేదు మేడం. కండ్లు మూస్తె
లిఫ్టు కిందికే పోతది. ఎంతకూ అడుగు రాదు."
వినడానికి నాకింకా హక్కు లేదు.
ఆ మాట ముందే చెప్పాలి, అది నియమం. చెప్పాను.
"మా డాక్టరమ్మ ఉంది, పేరు రాసిస్తాను."
"రాసియ్యుండ్రి."
చీకట్లో అక్షరాలు ఎటు పోయాయో!
తర్వాత కూడా అతను చెబుతూనే ఉన్నాడు,
వాళ్ల తమ్ముడి సంగతి, ఓ తాడు సంగతి.
చెవులు మూసుకోమని ఏ నియమంలోనూ లేదు.
లాగ్‌బుక్కులో ఆ పూట సున్నా.

పరీక్ష రెండోసారి గట్టెక్కింది.
లైసెన్సు ఒక మంగళవారం ఫోనులోకొచ్చింది,
బియ్యం కడుగుతుంటే.
తడి వేలితో పెద్దది చేసి చూశాను.
'టి'లు రెండూ ఉన్నాయి.
కిందికి పరుగెత్తాను, ఏ బండికో చెబుదామని.
లిఫ్టు దగ్గర కొత్త నేపాలీ కుర్రాడు.
పోచమల్లు కంపెనీ మారాడట,
అజ్మాన్ అన్నాడు, కాదు ఫుజైరా అన్నాడు.
ఆ చీటీ ఎవరికైనా చూపించాడో లేదో.

మొదటి మనిషి పదింటికి వచ్చింది.
సంచి ఒళ్లోంచి దించలేదు.
ఇరవై నిమిషాలు ఏసీ ఒక్కటే గొణిగింది.
నా చెయ్యి నీళ్లసీసా దాకా వెళ్లి
మూత మీద ఆగింది.
ఆమె ఏ అంతస్తులో ఉందో తెలీదు.
నా దగ్గర పానా లేదు.
చెయ్యి వెనక్కి తీసుకుని
కూర్చున్నాను.