బకాయి లేనివాళ్లు

బ్యాండు గదిలో తడిసిన ఉన్ని కోట్ల వాసన.
గోడకి ఆనించిన ట్యూబా నోట్లో
ఎవరో గొడుగు పెట్టారు.
మంగళవారం. పొగమంచుకి
పికో దీవి నుంచి పడవ రాలేదు,
ఎక్కడికీ పోలేక కమిటీ మొత్తం హాజరు.

అంశం ఒక్కటే:
సభ్యత్వ చందాలు చూసుకోవడానికి
ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

సంఘం వయసు నూట పద్దెనిమిదేళ్లు.
గత ముప్పై నాలుగేళ్లుగా మా సాఫ్ట్‌వేర్ పేరు హెర్మీనియా.
నెలకో యూరో చొప్పున ఇల్లిల్లూ తిరిగి
గులాబీరంగు రసీదు చింపి ఇచ్చే మనిషి.
మోకాళ్లు అరిగాయి. మొన్న డిసెంబరులో
చర్చి వెనక మెట్ల మీద జారింది.
ఆమె అడగలేదు. మేమే తెరిచాం ఈ మాట.

నేను కోశాధికారిని. లాప్‌టాప్ వాళ్లవైపు తిప్పాను.
మొదటిదాంట్లో లేనిదంటూ లేదు,
టికెట్లు, ఓటింగు, పుట్టినరోజు శుభాకాంక్షలు.
ఆ ధరకి పెద్ద డ్రమ్ముకి రెండుసార్లు తోలు వేయించొచ్చు.
రెండోది చవక. కానీ వదిలేసి పోదామంటే
మన పద్దులు మనకి తిరిగి ఇవ్వదట.
"ఉంగరం మింగిన చేపనైతే కోయొచ్చు,
దీన్నేం కోస్తాం?" అన్నాడు గువాల్తెర్.
మూడోది ఫ్రీ.
వందమంది సభ్యుల దాకా.

మేం నూట ముప్పై ఏడు.

గువాల్తెరే కళ్లజోడు పైకి తోసి అడిగాడు,
"అందులో బతికున్నవాళ్లెందరు?"

హెర్మీనియా సంచిలోంచి నోటుబుక్కు తీసింది,
అట్టకి చీజు చుట్టిన కాగితమే తొడుగు.
వేలు తడి చేసుకుంటూ చదివింది:
పన్నెండో నంబరు, ఎదుయీనో, ట్యూబా.
పోయి తొమ్మిదేళ్లు. ఒడీలియా కడుతుంది.
బెల్లు కొట్టకు, కిటికీ తట్టు.
యాభై మూడు, సిల్వీనో. సముద్రంలో.
తమ్ముడు కడతాడు, ఏడాదికోసారి, ఆవు ఈనాక.
డెబ్బై. పేరు పలకకు. రసీదు తలుపు కింద తొయ్యి.

అలా నలభై ఒక్కమంది.

తీసివేత నా వేళ్ల మీద దానంతటదే జరిగిపోయింది:
తొంభై ఆరు. ఫ్రీ.
పైకి ఎవరూ అనలేదు.
తెర మీద ఓ గడి: స్థితి.
నొక్కితే మూడే మాటలు,
యాక్టివ్. గడువు తీరినవారు. తొలగించినవారు.

"ఎదుయీనో దేన్లోకొస్తాడు?" అందామె.
"నెలనెలా కడుతున్నాడుగా. గడువెక్కడ తీరింది?"

వంద దాటితే నెలకి తొమ్మిది యూరోలు.
నన్నెన్నుకున్నదే పొదుపు చేయమని.
మళ్లీ లెక్క వేశాను, ఈసారి పెన్సిల్‌తో:
నలభై ఒక్కమంది, నలభై ఒక్క యూరోలు.
అంటే లేనివాళ్లే
ఉన్నవాళ్ల సాఫ్ట్‌వేర్‌కి కడుతున్నారు,
పైగా ముప్పై రెండు మిగులు.
మా క్లారినెట్ల రీడ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో
అప్పుడు తెలిసింది నాకు.

తీర్మానం: మూడోది, తొమ్మిది యూరోలు పెట్టి.
వ్యతిరేకం ఒకటి. గువాల్తెర్, అలవాటు కొద్దీ.

ఎక్కించడానికి మూడు రాత్రులు పట్టింది,
ఆమె చదవడం, నేను కొట్టడం.
'వివరాలు' గడిలో కొన్ని అక్షరాలే పడతాయి.
ఒడీలియా కిటికీ సరిగ్గా సరిపోయింది.
సిల్వీనో దగ్గర నాలుగక్షరాలు ఎక్కువయ్యాయి,
ఆవుని ఉంచి ఏడాదిని తీసేశాం.
ఈమెయిలు ఇవ్వందే ముందుకు కదలనివ్వదు.
"నాది పెట్టు" అంది.
నలభై ఒక్కసార్లు పెట్టాను.

ఒకటో తారీకు సాయంత్రం, రిహార్సల్ మధ్యలో,
మూల బల్ల మీద ఆమె ఫోను మొదలెట్టింది.
గుర్రు. గుర్రు. చందా చీటీ వెనక చందా చీటీ.
కండక్టరు బెలార్మీనా కర్ర దించింది.
పదేళ్ల డ్రమ్ము కుర్రాడు మాత్రం
ఆ దరువు పట్టుకుందామని చూసి
పదిహేడో దగ్గర తప్పాడు.

హెర్మీనియా కళ్లజోడు వెతుక్కుంటోంది.
"ప్రింటు తీసి పెట్టు బాబూ" అంది నాతో,
"రేపు ఎండ కాస్తే వెళ్లొస్తాను.
గులాబీ కాగితం ఉందా?"