తలుపు

సిరొంచలో, సైకిల్ షాపు మేడ మీద
నెలకోసారి కూర్చుని చదువుకుంటాం.
ఈసారి నా కవిత. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాం:
"రాత్రంతా ఆమె తలుపు తెరిచే ఉంచింది."

విరహం, అన్నాడు రాజేశ్వర్ సార్,
పరీక్ష పేపరు దిద్దినంత ధీమాగా.
పడవ గట్టయ్య ఒప్పుకోలేదు. ప్రాణహిత పొంగిన ఏడు
తలుపులు బిగించిన ఇళ్లే కూలాయట,
నీళ్లకు దారి ఇవ్వాలట.

ఆలం పోచక్క బడిలో నేర్చింది మరాఠీ.
నా తెలుగును ఆ లిపిలో రాసుకొచ్చింది.
అక్కడ పొట్టి 'ఎ' లేదు.
ఆమె నోట 'తేరిచే' అయి
తలుపు ఇంకాసేపు తెరుచుకునే ఉంది.
కాగితం మడుస్తూ అంది:
"గొళ్లెం పెడితే తంతరు గద సారూ.
కొత్త తలుపుకు పైసలేడియి?"

ఎవరు తంతారని ఎవరూ అడగలేదు.
పగలు వచ్చేవాళ్లా, రాత్రి వచ్చేవాళ్లా అని కూడా.
కింద ఎవరో ట్యూబుకు గాలి కొడుతున్నారు.

నిజానికి ఆ రాత్రి కరెంటు లేదు.
ఉక్కకు మా అమ్మ తలుపు తీసింది, అంతే.
ఆ మాట చెబుదామని నోరు తెరిచి
ఊరుకున్నాను.

ఇంటికొచ్చి, పడుకునే ముందు
గొళ్లెం మీద చెయ్యేసి
చాలాసేపు నిలబడ్డాను.