ఎదురు పలుకు

నయీంనగర్ల మందుల షాపు మీద రెండో అంతస్తు.
లిఫ్టు లేదు.
నుజ్హత్ డాక్టరమ్మ నా కండ్లకు
నల్లటి డబ్బా ఒకటి బిగించింది,
పెండ్లికొడుక్కు బాసింగం కట్టినట్టు
వెనుక పట్టీ సవరించుకుంట
"బరువుందా లింగమూర్తి గారూ?" అన్నది.
"ఇంజన్ కంటె అల్కగనే ఉంది" అన్న.
ఆమె నవ్వింది. నేను నవ్వలే.

ఒక గది.
గోడకు మేకు దిగిన గుర్తన్న లేదు,
ఎవరూ కాపురం చెయ్యని గది.
మూలకు ఒక పిల్లగాడు
మోకాళ్ల నడుమ తల పెట్టి ఏడుస్తుండు.
బొమ్మే. ఎరుకే. వెంట్రుకలు సుత సక్కగ కదలవు.
"వాడితో ఏమన్న మాట్లాడండి"
ఎక్కడ్నుంచో డాక్టరమ్మ.

ఏం మాట్లాడాలె?
ఇరవై రెండేండ్ల సంది నా మాటలన్నీ సిగ్నళ్లతోనే.
నేను గ్రీన్ అంటే
పక్కన రాజలింగు గ్రీన్ అనాలె.
వాడు డబల్ ఎల్లో అంటే నేను డబల్ ఎల్లో.
ఒకని కన్నుకు ఇంకొకని నోరు సాక్ష్యం.

ఆ పొద్దు మాత్రం
హసన్‌పర్తి దాటినంక, మంచు ఇంక ఇడవలే,
వెనుక యాభై ఎనిమిది డబ్బాల బొగ్గు,
సైకిల్ భుజాన ఎత్తుకొని ఒకాయన పట్టాల మీదికొచ్చిండు.
నేను చూసిన. రాజలింగు చూసిండు.
ఇద్దరం నోరు తెరువలే.
హారన్ ఒక్కటే మొత్తుకున్నది.
బ్రేకు ఆఖరిదాక గుంజిన.
బొగ్గుకు ఆగుడు తెల్వది.
సైకిల్‌కు కట్టిన టిఫిన్ డబ్బా
మూత సుత ఊడలేదట.

లోకో పైలట్ తప్పు లేదు అని రాసిండ్రు.
సంతకం, ముద్ర.
కాగితం ఫైల్ల పండుకున్నది.
నేను పండుకోలే, పద్నాలుగు నెలలు.

పిల్లగాడు ఇంక ఏడుస్తనే ఉన్నడు.
సిగ్గనిపించింది, అయినా గొంతు సవరించుకొని
"ఏందిరా, ఎవలన్న కొట్టిండ్రా?" అన్న.
వాని భుజాలు కొంచెం నిమ్మళించినయ్.
"ఏడువు, ఏం కాదు. నేనీడనే కూసుంట.
ఆపాలనే చూసినవు గదా.
చేతులున్నది చేసినవు.
చేతుల లేనిది ఎట్ల చేస్తవు బిడ్డా."
అన్నంక గానీ సోయి రాలే:
వాడేం ఆపాలని చూసిండు?

అప్పుడు గది మర్లింది.
మోకాళ్లు నాయే, చిన్నయి.
వేళ్లు కదిపితే కదులుతున్నయ్.
ఎదురుంగ నీలం అంగీ పెద్దమనిషి వంగి
నా గొంతుతోని మాట్లాడుతుండు,
నా దగ్గుతోని సహా.

నా గొంతు గింత మెత్తగుంటదా?
ఇంట్ల, షెడ్డుల, రన్నింగ్ రూముల
ఎవ్వలూ చెప్పలేదు నాకు.

"చేతులున్నది చేసినవు."

రూలు రూలే గదా.
ఒకడు పలికితే రెండోవాడు తిరిగి పలకాలె.
డబ్బా కింద, ఎవలకూ కనబడని చీకట్ల
"చేతులున్నది చేసిన" అన్న.
రెండో ముక్క గొంతుల్నే ఆగింది,
ఔటర్ల నిలబెట్టిన బండి తీర్గ.

డబ్బా తీసి
లోపటి తడిని దూదితోని తుడిచింది డాక్టరమ్మ.
ఏమనలే. బయట ఇంకొకామె కూసోని ఉన్నది.

చౌరస్తల బస్సు కోసం నిలబడ్డ.
ఎర్ర లైటు పోయి పచ్చది వచ్చింది.
అలవాటు, నోట్లెకెల్లి వచ్చేసింది:
"గ్రీన్."
పక్కన బండి మీద జాంపండ్లు పేర్చే ముసలామె
తలెత్తి చూసింది.
"ఆఁ, గ్రీనే పడ్డది. పో మరి" అన్నది.

నేను దాటాల్సిన పనే లేకుండె.
అయినా దాటిన.